అంచు ఎక్కడ, మేడమ్?

తలుపు వేసేశారు. ఉషారాణి చీర కుచ్చిళ్ళు లోపలికి జారుకోవడం వరకే కనిపించింది గోవిందరావుకి. ఆ తర్వాత ఒట్టి చెక్క తలుపు, దాని మీద ఎవరో సగం పీకేసిన నోటీసు, లోపల కుర్చీలు జరుపుకుంటున్న చప్పుడు. యూనివర్సిటీ ఫిజిక్స్ విభాగం వరండాలో సిమెంటు బెంచీ మీద ఒక చివర తల్లి బుజ్జమ్మ, ఇంకో చివర తాను, మధ్యలో బెల్లం గవ్వల డబ్బా. లోపల తన భార్య, యాభై రెండేళ్ళ మనిషి, పీహెచ్‌డీ చివరి పరీక్షకి నిలబడి ఉంది. ఎవరైనా వెళ్ళి కూర్చుని వినొచ్చని ఆవిడ గైడు రాజేంద్ర సర్ చెప్పాడు గానీ ఆవిడే ఒప్పుకోలేదు. "మీరు ఎదురుగా ఉంటే మీ మొహమే చూసుకుంటానండీ, స్లైడు చూసుకోలేను. నేను తడబడితే నాకంటే ముందు మీ మొహం తెల్లబోతుంది. బయట అత్తతో కూర్చోండి" అంది. నిజమే మరి. ముప్ఫై ఏళ్ళకి పైగా ఇంజను అద్దం వెనక ఉన్న మొహం, పట్టాల వైపు తప్ప మనుషుల వైపు తిరగని మొహం, మనసులో ఉన్నది దాచుకోవడం ఎక్కడ నేర్చుకుంటుంది? రిటైరై ఏడాదైనా కాలేదు. ఇంకా ఎక్కడైనా కూర్చుంటే కుడిచెయ్యి దానంతటదే బ్రేకు పిడి కోసం వెతుక్కుంటుంది. ఇప్పుడు గవ్వల డబ్బా మూత దొరికింది దానికి. తెరుస్తోంది, మూస్తోంది.

"ఒరే, ఆ డబ్బాని సంపేస్తావేట్రా? ఇలగియ్యి" అని బుజ్జమ్మ డబ్బా తన ఒళ్ళోకి లాక్కుంది.

లోపలినుంచి మాటలు స్పష్టంగా రావడం లేదు, గొంతు మాత్రం వస్తోంది. మొదట కొంచెం సన్నగా, తర్వాత కుదురుగా. ఆ గొంతు ఏ మూడ్‌లో ఉందో వంటింట్లోంచి విన్నా చెప్పగలడు గోవిందరావు. ఇది ఎనిమిదో తరగతి గొంతు. రైల్వే స్కూల్లో ఇరవై ఏళ్ళు సైన్సు చెప్పిన గొంతు, వెనక బెంచీలో నిద్రపోతున్నవాణ్ణి పేరు పెట్టి పిలవకుండానే లేపే గొంతు. హమ్మయ్య, ఎనిమిదో తరగతి గొంతులోకి వచ్చిందంటే భయం లేదు. ఎలా మొదలైందో ఈ చదువు! ఒక మధ్యాహ్నం తాను కట్ని నుంచి గూడ్సు దించి వచ్చి అన్నానికి కూర్చుంటే, పప్పు వడ్డిస్తూ "పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నాను" అంది. ఊరగాయ వేద్దామనుకుంటున్నాను అన్నంత మామూలుగా. దేని మీద అన్నాడు తాను. చీకటి పదార్థం మీద అంది. తాను ఆ మాటని గర్వంగా పక్క క్వార్టరు పైడిరాజుకి చెప్పాడు. పైడిరాజు చీపురుపల్లి నుంచి తాతల కాలంలో ఈ హిందీ దేశానికి రైల్వే పనికి వచ్చినవాళ్ళ మనిషి, నమ్మకాలు మాత్రం ఇంకా అక్కడే ఉన్నాయి. అతను ఏం అర్థం చేసుకున్నాడో, మర్నాడు వాళ్ళావిడ గుమ్మంలో నిలబడింది, చేతిలో రెండు నిమ్మకాయలు, గొంతు తగ్గించి, "మేస్టారమ్మా, మా ఆడపడుచుకి ఎవులో ఏటో సేసినారు, నువ్వు తీస్తావంట గదా." ఉష ఆవిణ్ణి కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఆ నిమ్మకాయలతో షర్బత్ చేసి, ఆడపడుచుని రైల్వే ఆసుపత్రికి తీసికెళ్ళింది. థైరాయిడ్ అని తేలింది. ఆ తర్వాత కాలనీ మొత్తం ఉష చదువు మీద నమ్మకం పెట్టుకుంది, ఎందుకో ఎవరికీ తెలియకుండానే.

తనకి మాత్రం ఎంత తెలిసింది? తెలిసిందని చెప్పలేడు, తెలియదని కూడా చెప్పలేడు. ఉస్లాపూర్‌లో సొంతిల్లు కట్టుకుని మారిన కొత్తలో, తొలకరి వాన కురిసిన సాయంత్రం, రాయ్‌పూర్ నుంచి వస్తున్న కూతురు ప్రత్యూష కోసం స్టేషన్‌కి వెళ్ళారు ఇద్దరూ. ప్లాట్‌ఫారం దీపం చుట్టూ ఉసిళ్ళు, వేలకి వేలు. తాను తల మీద రుమాలు కప్పుకుంటుంటే ఈవిడ మోచెయ్యి పట్టుకుని దీపం కిందకే లాక్కెళ్ళింది. "చెప్పండి, ఈ గుంపు ఎక్కడికి అయిపోయింది?" అంది. అదుగో అక్కడికి, అని వేలు చూపించాడు. దానికవతల ఇంకో ఉసిలి. సరే అక్కడికి. దానికవతల ఇంకో నాలుగు. దగ్గర్లో కిక్కిరిసి, పోనుపోను పల్చబడి, ఎక్కడా గీత లేదు. "గుండ్రంగా ఉందా?" అని మళ్ళీ. గాలికి ఒక పక్కకి సాగి ఉంది, దోసకాయలాగా. లోపల చూస్తే ఒక తీరు, దూరంగా చూస్తే ఇంకో తీరు. "అంతేనండీ, నా పని అదే" అని పైకి చూస్తూ, నోట్లో ఉసిళ్ళు పడతాయన్న భయం కూడా లేకుండా చెప్పుకుపోయింది. ఒక్కో గెలాక్సీ చుట్టూ కంటికి కనపడని సరుకు ఇలా కమ్ముకుని ఉంటుందిట, గెలాక్సీ కంటే ఎన్నో రెట్లు పెద్దగా, దాన్ని హేలో అంటారుట. అది బంతిలా ఉండదుట, సాగి ఉంటుందిట, ఎంత సాగిందో కొలవాలంటే ముందు అది ఎక్కడ ఆగిందో తేలాలిట, ఆ ఆగే చోటేమో ఒక్కొక్కరు ఒక్కో చోట గీస్తారుట. "ఒకటే తేడా, ఇక్కడ దీపం పురుగుల్ని పిలిచింది. అక్కడ పురుగుల బరువే దీపాన్ని పట్టుకుని ఉంటుంది" అంది. కనపడనిదానికి బరువుందని ఎలా తెలుస్తుందే అన్నాడు తాను. "భన్వర్ టంక్ ఘాటులో కొండ ఎక్కేటప్పుడు వెనక ఎంత లోడుందో మీకెలా తెలుస్తుంది? తిరిగి చూస్తారా?" అంది. చూడడు. లాగుతుంటే ఇంజనుకి తెలుస్తుంది, ఇంజను మీద కూర్చున్న మనిషి నడుముకి తెలుస్తుంది. అంతలో బండి వచ్చింది, ప్రత్యూష దిగి, తల్లి జుట్టునిండా ఉసిలి రెక్కలు చూసి, "మమ్మీ, యే క్యా హాల్ బనాయా హై, ఇదేం అవతారం!" అని నవ్వుతూ ఒక్కొక్కటే ఏరింది.

లోపల ఎవరో నవ్వారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఉష నవ్వు అందులో లేదు. ఎందుకు నవ్వారు? మంచి నవ్వా, చెడ్డ నవ్వా? బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ ఒకాయన పూనా మనిషి, పేరు గడించినవాడు, ఎవర్నీ ఊరికే వదలడని రాజేంద్ర సర్ ముందే చెప్పాడు. గోవిందరావు లేచి వరండా చివరిదాకా వెళ్ళి వచ్చాడు. కాంపౌండు గోడవతల మోదుగులు విరగబూసి ఉన్నాయి, ఎండకి నేలంతా ఆవిరెత్తుతోంది. ఆ తప్పు గురించి అడిగి ఉంటారా? ఆ ఆదివారం తనకింకా గుర్తే. రెండేళ్ళు చేసిన లెక్కంతా తప్పని తెలిసిన రోజు. వంటింటి గచ్చు మీద గోడకి ఆనుకుని, ల్యాప్‌టాప్ పక్కన పెట్టి, కూర్చుండిపోయింది. తాను పక్కనే చతికిలబడ్డాడు. అప్పుడు చెప్పింది. ఒక పెద్ద హేలోలోకి చిన్న చిన్నవి వచ్చి పడతాయిట, పడి, లోపలినుంచి దూసుకుపోయి, అవతల చాలా దూరం దాకా వెళ్ళి, అప్పుడు మళ్ళీ వెనక్కి తిరుగుతాయిట. "అలా బయట తిరుగుతున్నవాటిని నేను పరాయివి అనుకుని తీసేశానండీ. అవి దీనివే. ఒకసారి లోపలికి వచ్చి వెళ్ళినవి. వాటిని తీసేసి అంచు గీస్తే అది అంచెలా అవుతుంది?" తాను లేచాడు. స్కూటరు తీసి, ఆవిణ్ణి వెనక కూర్చోబెట్టుకుని తఖత్‌పూర్ రోడ్డు మీద ఊరికే పోయాడు. దారిలో ఒక బండి దగ్గర వేడివేడి చీలాలు, అంటే బియ్యప్పిండి అట్లు, టమాటా చట్నీ. మూడోది తింటుండగా ఉష, "మళ్ళీ మొదట్నించి చేస్తాను. ఈసారి వెళ్ళినవాళ్ళని కూడా లెక్కేస్తాను" అంది. వాళ్ళని అంది, వాటిని అనలేదు. చట్నీ చుబుకానికి అంటుకుని ఉంది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో తనకి ఆ మనిషి అంత ముద్దుగా ఎప్పుడూ కనపడలేదు.

తలుపు తెరుచుకుంది. గోవిందరావు రెండడుగులు ముందుకేశాడు, కానీ వచ్చింది రాజేంద్ర సర్ ఒక్కడే, మంచినీళ్ళ సీసా కోసం. యువకుడు, మంచివాడు, తనకంటే పెద్దదైన విద్యార్థిని మేడమ్ అనే పిలుస్తాడు. "ఏక్‌దమ్ బఢియా భాయీసాబ్, చాలా బాగా చెప్తున్నారు మేడమ్" అన్నాడు హిందీలో, సీసా మూత తిప్పుతూ. "ఆ పూనా ఆయన అప్పుడే ఖుష్. ఎలాగూ జూన్ నుంచి వాళ్ళ దగ్గరే కదా రెండేళ్ళు రీసెర్చి ఉద్యోగం, ఇప్పుడే కసరత్తు చేయించేస్తున్నాడు. మీకే ఇక్కడ కొంచెం అకేలాపన్, ఒంటరితనం." నవ్వి, తలుపు తోసుకుని లోపలికెళ్ళిపోయాడు.

అచ్ఛా. జూన్ నుంచి. పూనాలో. రెండేళ్ళు. హాఁ హాఁ అన్నట్టు తల ఊపాడా తాను? ఊపాడు. మొహం ఎలా పెట్టాడో ఏమో. బెంచీ మీద కూర్చున్నాడు. కోపమా? కాదు, కోపమైతే బాగుండును, దానికో దారి తెలుసు. ఇది వేరే. అయితే ఆ రోజు, కాకరపాదుకి పందిరి వేస్తుంటే వెనక వచ్చి నిలబడి, ఏదో అనబోయి, "ఈ తీగ బాగా అల్లుకుందండీ" అని వెళ్ళిపోయింది, అదేనా? పూనాలో మన తిండి దొరుకుతుందా అని ఎవరి గురించో అడిగినట్టు అడిగింది, అదా? చెప్పొచ్చు కదా! ఏ విషయం చెప్పలేదని తనకి? నెబ్యులా రంగు మొదలుకొని స్టాఫ్ రూములో గొడవ దాకా అన్నీ చెప్పే మనిషి. తానేం అన్నాడని? అన్నాడు. అవును, అన్నాడు. రిటైర్‌మెంట్ రోజున డ్రైవర్లు డ్యూటీ ఎక్కే లాబీలో మెడనిండా బంతిపూల దండలతో, మైకులో, అందరి ముందూ. "ఇన్నాళ్ళూ ఇంట్లో అతిథిలా బతికాను. ఊరూరా డ్రైవర్లు దిగే రన్నింగ్ రూముల్లో తిన్నాను, రన్నింగ్ రూముల్లో పడుకున్నాను. ఇక నా ఇంట్లో నా భార్యతో ఉంటాను, ఎక్కడికీ కదలను" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఉష కూడా కొట్టింది. అప్పుడు ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి, సంతోషం అనుకున్నాడు. సంతోషమే అయి ఉంటుంది. దాని పక్కనే ఇంకోటి కూడా ఉండి ఉంటుంది. ఒకదాని పక్కన ఒకటి ఉండకూడదని ఎక్కడుంది?

ఫోను మోగింది. ప్రత్యూష. బ్యాంకులో లంచ్ టైము. "డాడీ, హో గయా క్యా? మమ్మీ బయటికి వచ్చిందా?" లేదమ్మా, ఇంకా లోపలే. "ఓకే, టెన్షన్ మత్ లో." అప్పుడు తానే అడిగాడు, తిన్నగా, "పూనా సంగతి నీకు తెలుసా?" అవతల ఎవరో టోకెన్ నంబరు పిలుస్తున్నారు. "తెలుసు డాడీ. సంక్రాంతి ముందే ఆఫర్ వచ్చింది. మమ్మీ మీకు చెప్పడానికి చాలా ట్రై చేసింది, సచ్‌మే. మీరు రోజూ పొద్దున్నే ఆ కుర్చీలు రెండూ బయట వేసి, మమ్మీకి చాయ్ పెట్టి కూర్చుంటారు కదా. అది చూసి చెప్పలేకపోయింది. నో అని మెయిల్ కూడా రాసిందిట. భేజా నహీఁ అబ్ తక్, ఇంకా పంపలేదు." ఫోను పెట్టేశాక కూడా చెవి దగ్గరే పట్టుకుని ఉన్నాడు కాసేపు.

బుజ్జమ్మ గవ్వ నములుతూ అతనికేసి చూస్తోంది. "పూనా గురించేనా?" అంది.

"నీకూ తెలుసేటే అమ్మా?"

"నాకెప్పుడో సెప్పింది. నా మోకాలికి నూని రాస్తా సెప్పింది. ఎల్లమన్నాను." ఇంకో గవ్వ కొరికింది. "నీకెవులు సెప్తార్రా, ఆ మొకం సూసి?"

ఇంటిల్లిపాదీ తన మొహానికి భయపడుతున్నారన్నమాట. నవ్వు రాబోయింది, రాలేదు. తండ్రి సీతారామయ్య లోకో షెడ్‌లో ఫిట్టరు, ఆయన మొహం చూసి ఎవరూ ఏమీ చెప్పలేకపోవడానికి కారణం వేరు, ఆయనకి చెయ్యి ముందు లేచేది. తనకి చెయ్యి లేవదు, కళ్ళు నిండుతాయి. దానికీ భయపడతారు కాబోలు మనుషులు, ఇంకా ఎక్కువ భయపడతారు కాబోలు. పెళ్ళైన కొత్తలో, డ్యూటీకి బయల్దేరేటప్పుడు ఉష గేటు దాకా వచ్చేది. టిఫిన్ క్యారియరు అందించి, "ఎప్పుడొస్తారు?" అని అడిగేది కాదు, ఎప్పుడొస్తాడో రైల్వేకే తెలియదని ఆవిడకి తెలుసు; ఆవిడ నాన్న కూడా రైల్వేవాడే, గార్డు. "వచ్చాక లేపండి" అనేది. అంతే. తెల్లవారుజామున వచ్చినా, మిట్టమధ్యాహ్నం వచ్చినా లేపేవాడు, నిద్రకళ్ళతోనే చారు వేడిచేసేది. ఒక్కనాడైనా వెళ్ళొద్దందా? ప్రత్యూషకి తట్టు పోసినప్పుడు కర్గీ రోడ్‌లో బండిని పక్కకి లూపు లైన్లో నిలబెట్టేస్తే పొద్దుగూకేదాకా అక్కడే ఉండిపోయాడు. ఇంటికొచ్చేసరికి పిల్ల ఒంటి నిండా వేపాకులు, ఉష ఒళ్ళో నిద్రపోతోంది, "మీరు తిన్నారా?" అంది. మనిషి వెళ్ళడం అంటే ఏమిటో ఆవిడకి తెలుసు, ఉండిపోవడం అంటే ఏమిటో కూడా తెలుసు. తనకి సగమే తెలుసు. తానెప్పుడూ గేటు దగ్గర నిలబడలేదు. నిలబడడం నేర్చుకోవచ్చు, ఎంతసేపూ పట్టదు. కానీ నిలబడాలా? కాకరపాదుకి ఎవరో ఒకరు నీళ్ళు పోస్తారు, తమ వీధికే మారిన పైడిరాజు ఊరికే ఉన్నాడు. కుర్చీలు రెండూ మడతపెట్టేవే.

చప్పున కరెంటు పోయింది. వరండాలో ఫ్యాను ఆగింది, లోపల ప్రొజెక్టరు ఆగినట్టుంది, అరరే అన్నారెవరో. ఉక్కకి తట్టుకోలేక తలుపు బార్లా తెరిచారు. తెరిచిన తలుపులోంచి ఉష కనిపించింది. స్లైడు లేదు. ఆవిడ ఒక్క క్షణం ఖాళీ తెర వైపు చూసి, పక్కనున్న నల్లబల్ల దగ్గరికి నడిచి, సుద్దముక్క తీసుకుని, చీర కొంగు నడుముకి దోపుకుంది. పూనా ఆయన తెల్లజుట్టు మనిషి, కుర్చీలో వెనక్కి వాలి ఇంగ్లీషులో, కొంచెం హిందీలో అడుగుతున్నాడు. "అంతా బాగుంది. కానీ ఆఖరికి నాకొక్క మాట చెప్పండి. అంచు ఎక్కడ, మేడమ్?"

గోవిందరావు లేచి నిలబడ్డాడు. తెలియకుండానే గుమ్మం దగ్గరికి వచ్చేశాడు. ఉష బల్ల మీద కోడిగుడ్డులా సాగిన ఆకారం గీసింది, దాని మధ్యనుంచి ఒక దారి గీసింది, లోపలికొచ్చి, అవతలికి పోయి, పోయి పోయి వెనక్కి మళ్ళే దారి. అక్కడ సుద్దముక్క ఆపింది. "లోపలికి వచ్చినది, బయటికి వెళ్ళి, మొదటిసారి వెనక్కి తిరిగే చోటు. అక్కడి నుంచి సాంద్రత ఒక్కసారిగా పడిపోతుంది. నేను అంచని దాన్నే అంటాను. అది గుండ్రం కాదు, హేలో ఎటు సాగితే అంచూ అటు సాగింది, నా లెక్కల్లో వచ్చింది ఇదే. గబగబా పోగేసుకునే హేలోకి ఈ చోటు దగ్గరవుతుంది. నెమ్మదిగా పెరిగినదానికి దూరంగా ఉంటుంది. కానీ సర్, ఇది ఒక్కటే సరైన అంచని అనను. బరువెంత అని అడిగితే ఒక చోట గీస్తాం, ఏవి దీనివి అని అడిగితే ఇంకో చోట గీస్తాం. ప్రకృతి గీత గియ్యలేదు. మనకి అవసరమై మనం గీసుకుంటున్నాం. ఎందుకు గీస్తున్నామో చెప్పి గీస్తే చాలు." మోచేతి దాకా సుద్దపొడి. అప్పుడు ఈ పక్కకి తిరిగి, గుమ్మంలో భర్తని చూసింది. తడబడలేదు. గోవిందరావు తన మొహం ఎలా ఉందో తెలుసుకోవాలనుకోలేదు, ఉన్నదాన్ని అలాగే ఉండనిచ్చాడు. పూనా ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "థాంక్యూ. కాసేపు బయట కూర్చుంటారా, మేము మాట్లాడుకుంటాం" అన్నాడు.

ఉష వరండాలోకి వచ్చింది. చెంగుతో మెడ తుడుచుకుంది. ఏమీ అడగకముందే బుజ్జమ్మ ఆవిడ నోట్లో గవ్వ ఒకటి పెట్టేసింది.

"ఎలా చెప్పానండీ?" నోటినిండా గవ్వతో.

"ఆజాద్‌హింద్ ఎక్కుదామా పూనాకి?" అన్నాడు గోవిందరావు. "తిన్నగా వెళ్తుంది, ఎక్కడా మారక్కర్లేదు."

ఆవిడ నమలడం ఆపేసింది. బుజ్జమ్మ వైపు చూసింది, బుజ్జమ్మ మోదుగ చెట్ల వైపు చూసింది. "వద్దని రాసేశానండీ. పంపడమే తరువాయి. మీరు ఎక్కడికీ కదలనన్నారు కదా, ఇన్నాళ్ళకి..."

"నీతో ఉంటానని కూడా అన్నాను. ఆ ముక్క విన్లేదేటి? ఇల్లు ఉస్లాపూర్‌లో ఉందని నేననుకున్నాను గానీ..." మాట పూర్తి కాలేదు. కళ్ళు నిండిపోయాయి, అనుకున్నట్టే. "రెండేళ్ళు నేను వండి పెడతాను. చారు పెట్టడం వచ్చు నాకు."

"మీ చారా!" అంది ఉష. ఆవిడ కళ్ళూ నిండాయి, గొంతు మాత్రం కయ్యానికి దిగింది. "ఆ మోకాళ్ళతో అత్త అక్కడి మెట్లెక్కగలదా? ముందు కింది అంతస్తు చూడాలి. ఒక్కరోజులో అయిపోతుందా?"

"నా మోకాళ్ళ ఊసు నీకెందుకమ్మా, నానెక్కుతాను. ఆ గ్రైండరు మాత్రం తేవాల. ఆళ్ళ ఊళ్ళో మిక్సీలో రుబ్బిన పిండి అట్టు నాను తిన్ను."

"ఆ గ్రైండరా? ముప్ఫై కిలోలుంటుంది, రైల్లో ఎవడు మోస్తాడే?"

"బొగ్గు బండ్లు లాగినోడివి, గ్రైండరు లాగలేవేట్రా?"

"పార్సిల్‌లో వేద్దామండీ, బ్రేక్‌వ్యాన్‌లో."

"పార్సిల్‌లో వేస్తే రాయి పగుల్తుంది ఉషా, నాకు తెలీదా పార్సిల్ సంగతి! దాని కంటే అక్కడే కొత్తది..."

"కొత్తదెందుకండీ, అది మా అమ్మ ఇచ్చింది!"

ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు. కరెంటు వచ్చింది, ఫ్యాను తిరగడం మొదలెట్టింది, ఎవరూ గమనించలేదు. తలుపు దగ్గర రాజేంద్ర సర్ నిలబడి, నవ్వుతూ, "డాక్టర్ ఉషారాణీ!" అని పిలిచాడు. కాసేపాగి మళ్ళీ పిలిచాడు, ఈసారి ఇంకొంచెం గట్టిగా.

"ఆ డాక్టరమ్మెవులో గానీ, ఆయన పిలుస్తానే ఉన్నాడు, పలకదేటి" అంది బుజ్జమ్మ విసుగ్గా.

ఎవరా అని ఉషారాణి కూడా వెనక్కి తిరిగి వరండా అంతా చూసింది.